నెట్ ర్యాంకు కన్నా ముందు ఒక ఏడాది ల్యాబ్

ప్రశ్న: నేను ఎంఎస్సీ బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీలో బోటనీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ నా సబ్జెక్టులు. ప్రొటీన్ల మీద పరిశోధన చేసి శాస్త్రవేత్తగా స్థిరపడాలని నా కోరిక. సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష ఒకసారి రాశాను, పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ కొద్ది మార్కుల్లో తప్పిపోయింది. హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్ విభాగంలో ఉద్యోగం ఇస్తామంటోంది. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య అప్పు చేసైనా ఎంఎస్‌కి వచ్చేయమంటున్నాడు. మా నాన్నగారిది ఎరువుల దుకాణం. ‘పీహెచ్‌డీ అయ్యేసరికి నీకు ముప్పై ఏళ్లొస్తాయి, ఆ తర్వాత ఏమిటి?’ అని అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు, నరసరావుపేట

సమాధానం: మీ ఉత్తరంలో నెట్ మార్కులున్నాయి, ఉద్యోగం ఉంది, అన్నయ్యగారి సలహా ఉంది, నాన్నగారి బెంగ ఉంది. లేనిదల్లా ఒక్కటే. మీరు మీ చేతులతో ఇంతవరకూ ఏ ప్రయోగం చేశారో, అది చెడిపోయినప్పుడు మీకేమనిపించిందో ఎక్కడా రాయలేదు. అది మీ తప్పని అనను. మన కాలేజీల్లో చాలాచోట్ల ఎంఎస్సీ ప్రాజెక్టు అంటే ఏదో శిక్షణ కేంద్రానికి డబ్బు కట్టి నలభై రోజుల్లో బైండు చేయించుకుని తెచ్చుకునే పుస్తకమే. కానీ ఆ ఖాళీ నిండకుండా పీహెచ్‌డీ చేయాలా వద్దా అన్నది మీరూ తేల్చుకోలేరు, నేనూ చెప్పలేను. అందుకే నా సలహా ముందే చెప్పేస్తాను. ఎంఎస్సీ పూర్తికాగానే ఒక ఏడాదిపాటు నిజమైన పరిశోధన జరిగే ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసోసియేట్‌గానో అసిస్టెంట్‌గానో చేరండి. ఈ ఖాళీల ప్రకటనలు పరిశోధన సంస్థల వెబ్‌సైట్లలో ఏడాది పొడవునా పడుతూనే ఉంటాయి, జీతం జేఆర్ఎఫ్ కన్నా తక్కువే అయినా ఇంట్లో చేయి చాచనక్కర్లేకుండా గడుస్తుంది. నెట్ రెండోసారి రాయడం ఆ ఏడాదిలోనే జరిగిపోతుంది.

ఏడాది ఎందుకంటున్నానో నా అనుభవమే చెబుతాను. పీహెచ్‌డీ రెండో సంవత్సరంలో నేనొక ఎంజైమ్, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని ఎంత వేగంగా విడగొడుతుందో కొలుస్తుండేవాణ్ణి. విడుదలైన ఫాస్ఫేట్‌కు ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, క్షయకరణ కారకం చేరిస్తే నీలిరంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఎంజైమ్ వేయని గొట్టాన్ని బ్లాంక్ అంటాం, దానికి దాదాపు రంగే రాకూడదు. నా బ్లాంక్ మాత్రం రోజూ నీలంగా వచ్చేది. నీళ్లు మార్చాను, మాలిబ్డేట్ కొత్త సీసా విప్పాను, ఏటీపీ పాడైందేమోనని అదీ మార్చాను. మూడు వారాలు తల బద్దలు కొట్టుకున్నాక, గాజుసామాను కడిగే పెద్దాయన ఒకరోజు మాటల మధ్యలో ‘సబ్బు పొడి మార్చారు బాబూ, ఇది నురగ బాగా వస్తోంది’ అన్నారు. ఆ పొడిలో ఫాస్ఫేట్ ఉంది, అదే గాజుకు పట్టుకుని ఉండిపోతోంది. ఆ రాత్రి గొట్టాలన్నీ పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి, పొద్దున్నే డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగుసార్లు తొలిపి చూస్తే బ్లాంక్ తేటగా నీళ్లలా ఉంది. అప్పటికి నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు, పరిశోధన పత్రంలోకి ఎక్కే సంగతీ కాదు. అయినా ఆ మూడు వారాలూ పొద్దున నిద్రలేస్తూనే ల్యాబ్‌కు ఎప్పుడు వెళ్దామా అని ఉండేది. నాతో చేరిన మరో కుర్రాడు నాకన్నా మంచి ర్యాంకుతో వచ్చినవాడు. ఇలాంటి చిక్కే ఒకటి తనకూ ఎదురైతే ఆరు నెలల్లో విసిగిపోయి బ్యాంకు పరీక్ష రాసుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు సుఖంగా ఉన్నాడు, ఆ రోజు వెళ్లిపోవడమే మంచిదైందని ఇప్పటికీ అంటాడు. మేమిద్దరమూ రాసిన ప్రవేశపరీక్ష ఒక్కటే, కానీ మా ఇద్దరిలో ఎవరికి ఈ పని ఒంటికి పడుతుందో అది చెప్పలేకపోయింది.

నేను వాడిన ఆ నీలిరంగు పద్ధతికి మన ఊళ్లతో బంధుత్వం ఉంది. దాని పేరు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారే. మన బడుల్లో ఆయన్ని గోడకు పటంగా వేలాడదీసి వదిలేశాం గానీ, పనివాడిగా చూడటం మీలాంటివారికి ఎక్కువ అవసరం. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఆ పద్ధతిలో, మామూలు ఫాస్ఫేట్‌కు నీలం కొద్ది నిమిషాల్లోనే పూర్తిగా తేలాలి. కండరం నుంచి తీసిన ద్రవంతో చేసినప్పుడు మాత్రం అలా తేలలేదు, రంగు మెల్లమెల్లగా అరగంటదాకా చిక్కబడుతూ పోయింది. తొందరపడేవారైతే కారకం పాతబడిందని రాసుకుని, కొత్తది కలుపుకుని ముందుకు పోయేవారు. వాళ్లిద్దరూ ఆ ఆలస్యం దగ్గరే ఆగారు. ఫాస్ఫేట్ ఏదో బలహీనమైన బంధంలో ఇరుక్కుని ఉందనీ, ఆమ్లంలో ఆ బంధం కొంచెం కొంచెంగా తెగుతూ ఉంటే రంగు కూడా కొంచెం కొంచెంగా వస్తోందనీ గ్రహించి, ఆ పదార్థాన్ని విడదీసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌గా లోకానికి చూపించారు. కండరం క్షణాల్లో వాడుకునే శక్తి నిల్వ అదే.

ఈ కథలో మీకు పనికొచ్చేది ఓర్పు ఒక్కటే కాదు. రంగు ఆలస్యమైందని గమనించడానికి ఓర్పు చాలు, ఎందుకు ఆలస్యమైందో ఊహించడానికి మాత్రం రసాయనశాస్త్రం రావాలి. మన దగ్గర బయోకెమిస్ట్రీ చదివే పిల్లల్లో నేను చూసే లోటు ఇక్కడే. కణం చక్కెరను విడగొట్టే గ్లైకాలిసిస్ పది మెట్లూ గడగడా అప్పజెబుతారు గానీ, మూడో మెట్టు వెనక్కి ఎందుకు తిరగదంటే నోరు మెదపరు. గేట్ పరీక్షలో లైఫ్ సైన్సెస్ పేపర్ నియమం చూడండి: బయోకెమిస్ట్రీ, బోటనీ, మైక్రోబయాలజీ, జువాలజీ, ఫుడ్ టెక్నాలజీలలో రెండింటిని మీరు ఎంచుకోవచ్చు గానీ కెమిస్ట్రీని మాత్రం వదిలే వీల్లేదు. డిగ్రీలో మీకు కెమిస్ట్రీ ఉంది కాబట్టి ఆ పుస్తకాలు మళ్లీ దించండి. ఆమ్లాలు–క్షారాలు, ఉష్ణగతికశాస్త్రం, చర్యావేగాలు, కర్బన రసాయన చర్యల్లో ఎలక్ట్రాన్లు ఎటు నుంచి ఎటు పోతాయన్నది, వర్ణపటశాస్త్రం – ఇవి గట్టిపడితే చాలు.

చిన్న ఉదాహరణ చెబుతాను. పీహెచ్‌ను నిలకడగా ఉంచే ట్రిస్ బఫర్ ద్రావణాన్ని గది ఉష్ణోగ్రత దగ్గర, అంటే 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 8.0కు సరిచేసి కోల్డ్ రూమ్‌లోకి తీసుకెళ్లారనుకోండి. అక్కడ 4 డిగ్రీల్లో దాని పీహెచ్ దాదాపు 8.6 అవుతుంది, ఎందుకంటే ట్రిస్ పీకేఏ, అంటే అది ఏ పీహెచ్ చుట్టూ పనిచేస్తుందో చెప్పే అంకె, ఒక్కో డిగ్రీకి సుమారు 0.03 చొప్పున మారుతుంది. ఇది తెలియని విద్యార్థి ‘కోల్డ్ రూమ్‌లో నా ప్రొటీన్ కాలమ్‌కు (ప్రొటీన్‌ను శుద్ధిచేసే గొట్టానికి) సరిగా అంటడం లేదు’ అని నెలల తరబడి కాలమ్‌ను తిడుతూ ఉంటాడు.

కంప్యూటర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2024 రసాయన నోబెల్‌లో సగం ప్రొటీన్ల రూపకల్పనకు డేవిడ్ బేకర్‌కూ, మిగతా సగం ప్రొటీన్ ఆకృతిని లెక్కగట్టి చెప్పే ఆల్ఫాఫోల్డ్‌కు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకూ దక్కింది. అది చూసి ఇక చేతులతో ప్రయోగాలు చేసే తడి ల్యాబ్‌కు కాలం చెల్లిందని కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. ఎంజైమ్ ఏ ఆకారంలో ఉందో తెలిసినంత మాత్రాన అది ఎంత వేగంగా పనిచేస్తుందో, ఏ మందు దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో తెలిసిపోదు. అది కొలిచే తీరాలి. కాకపోతే పైథాన్ అనే కంప్యూటర్ భాషలో నాలుగు వరుసలు రాయడం, ఒక ప్రొటీన్ నిర్మాణాన్ని తెరమీద తిప్పి చూడటం రానివారికి రాబోయే రోజుల్లో ఇబ్బందే. రోజుకో గంట చొప్పున ఆరు నెలలు కూర్చుంటే పట్టుబడుతుంది.

ఇక పరీక్షలు. మీ నెట్ ఫలితం మరోసారి జాగ్రత్తగా చూసుకోండి. 2024 నుంచి ఆ ఫలితాన్ని మూడు వర్గాలుగా ఇస్తున్నారు: జేఆర్ఎఫ్‌కు అర్హులు, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికీ పీహెచ్‌డీ ప్రవేశానికీ అర్హులు, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హులు. జేఆర్ఎఫ్ తప్పినవారిలో కొందరు తాము మిగతా రెండింట్లో ఒకదానిలో ఉన్నామని కూడా గమనించడం లేదు. నెట్ ఒక్కటే గుమ్మం కాదు. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం పెట్టే బెట్ పరీక్ష ఉంది, గేట్ ఉంది. ఫెలోషిప్ మొత్తం 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్‌కు నెలకు 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలో (ఎస్ఆర్ఎఫ్) అయ్యాక 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఈ డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యంగా వస్తుంది. చేరే ముందు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోమని నా దగ్గరికి వచ్చే ప్రతివారికీ చెబుతాను.

ఎక్కడ చేరాలన్నదానికి దూరం వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, ఐఐసీటీ, సీడీఎఫ్‌డీ, టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థలూ, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి, తిరుపతిలో ఐసర్ ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో బయోకెమిస్ట్రీ విభాగం 1921 నాటిది. అయితే ఐదారేళ్లు మీరు బతికేది సంస్థ పేరుతో కాదు, గైడ్‌తో. పెద్ద సంస్థలో పట్టించుకోని గైడ్ కన్నా, చిన్న విశ్వవిద్యాలయంలో వారానికొకసారి మీ పక్కన కూర్చుని ముడి ఫలితాలు చూసే గైడ్ వెయ్యి రెట్లు మేలు.

గైడ్‌ను ఎలా తెలుసుకోవాలంటే, ముందుగా వారి ల్యాబ్ నుంచి గత ఐదేళ్లలో వచ్చిన పేపర్లలో మూడింటిని చివరిదాకా చదవండి. అర్థంకాని చోట్లు గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూలో అడగడానికి అవే పనికొస్తాయి. మొదటి రచయితగా విద్యార్థుల పేర్లు వస్తున్నాయో లేదో చూడండి. ఆ విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారో, చేరిన ఎన్నేళ్లకు థీసిస్ ఇచ్చారో కనుక్కోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇప్పుడున్న విద్యార్థులతో పాటు ఆ ల్యాబ్ వదిలి వెళ్లినవారిలో ఒకరిద్దరితోనైనా ఫోన్‌లో మాట్లాడండి. ఇప్పుడున్నవారు మొహమాటపడతారు, వెళ్లిపోయినవారు నిజం చెబుతారు. ‘సర్ మంచివారే, కానీ...’ అని ఆగిపోయారంటే ఆ ‘కానీ’ తర్వాత మాట వినకుండా ఫోన్ పెట్టేయకండి. సెలవు అడిగితే ఎలా ఉంటారు, రసాయనాలు ఆర్డరు పెట్టాక ఎన్నాళ్లకు వస్తాయి, ఖరీదైన యంత్రం మీద వంతు ఎన్ని రోజులకు దొరుకుతుంది, ఇద్దరు విద్యార్థులను ఒకే ప్రశ్న మీద పోటీకి పెట్టే అలవాటు ఉందా – చిన్నవిగా కనిపించే ఈ ప్రశ్నల మీదే మీ ఐదేళ్లూ ఆధారపడి ఉంటాయి.

ప్రాజెక్ట్ ఉద్యోగానికైనా పీహెచ్‌డీకైనా వారికి ఉత్తరం రాసేటప్పుడు, ‘మీ గౌరవప్రదమైన ప్రయోగశాలలో చేరాలని నాకు ఎంతో ఆసక్తి’ అన్న ఒకే వాక్యాన్ని యాభైమందికి పంపకండి. అలాంటివి నాకు రోజూ వస్తాయి, కొన్నింట్లో పైన వేరే ప్రొఫెసర్ పేరు కూడా అలాగే ఉండిపోతుంది. మీరు చదివిన పేపర్‌లో ఒక బొమ్మ గురించి ఒక ప్రశ్న, మీరు చేయగలిగిన పని గురించి రెండు వాక్యాలు, ఎప్పటినుంచి రాగలరన్నది ఒక వాక్యం – అంతకు మించి అక్కర్లేదు.

చేరాక మొదటి రోజునుంచీ ల్యాబ్ నోట్‌బుక్ మీద శ్రద్ధ పెట్టండి. మనవాళ్లకు ఇంటర్ నుంచీ రికార్డు అంటే సీనియర్ దగ్గర తెచ్చుకుని, నీలం ఇంకుతో అందంగా ఎక్కించి, మాస్టారి సంతకం చేయించుకునే పుస్తకం. అందులో ఏ ప్రయోగమూ ఎప్పుడూ చెడిపోదు. పరిశోధనలో నోట్‌బుక్ దానికి పూర్తిగా తలకిందులు. తేదీ, బఫర్ ఎవరు కలిపారు, ఏ సీసా, దాని లాట్ నంబరు ఎంత, ఎన్ని గంటలకు సెంట్రిఫ్యూజ్ ఆపారు, చెడిపోయిన జెల్ ఫొటో, అన్నీ అందులో ఉండాలి. తప్పు రాస్తే గీత కొట్టండి, దిద్దే ద్రవం పూయకండి. నా సబ్బు పొడి గొడవ మూడు వారాలు సాగడానికి ఒక కారణం, బ్లాంక్ ఏ తేదీ నుంచి రంగెక్కడం మొదలైందో నేను సరిగా రాసుకోకపోవడమే. రాసుకుని ఉంటే సబ్బు మారిన తేదీతో పోల్చి మూడు రోజుల్లో తేల్చేవాణ్ణి.

క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం గురించి రెండు మాటలు. అది తక్కువ పని కాదు, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చేయి తిరుగుతుంది, రాతకోతల క్రమశిక్షణ వస్తుంది. ఇంటికి డబ్బు అత్యవసరమైతే నిస్సంకోచంగా చేరండి. కానీ అక్కడ రాసిపెట్టిన పద్ధతిని తు.చ. తప్పక పాటించడమే పని. పద్ధతిని ప్రశ్నించే చోటికి అదే కంపెనీలో మారడం ఎమ్మెస్సీతో కష్టం. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీ కంపెనీల పరిశోధన విభాగాల్లోనూ బృందాన్ని నడిపేవారు ఎక్కువగా పీహెచ్‌డీ చేసినవారే.

అన్నయ్యగారి మాటలో నాకు నచ్చనిది అమెరికా కాదు, అప్పు. అమెరికాలో ఎంఎస్‌కు సాధారణంగా మీరే ఫీజు కట్టాలి, బయోకెమిస్ట్రీ లాంటి విభాగాల్లో పీహెచ్‌డీకి మాత్రం చాలా విశ్వవిద్యాలయాలు ఫీజు మినహాయించి, బతకడానికి స్టైపెండ్ కూడా ఇస్తాయి. మన ఇళ్లలో ఈ తేడా తెలియక పొలం తాకట్టు పెట్టి ఎంఎస్‌కు పంపినవారున్నారు. చాలాచోట్ల మొదటి సంవత్సరంలో రెండు మూడు ల్యాబ్‌లలో కొన్ని వారాల చొప్పున పనిచేసి చూశాకే గైడ్‌ను ఎంచుకోనిస్తారు, అది మంచి ఏర్పాటు. ఈ రంగంలో జీఆర్ఈ పరీక్ష మార్కులు అడగడం కూడా చాలా విభాగాలు మానేశాయి. వాళ్లు ప్రధానంగా చూసేది మీ పరిశోధన అనుభవాన్నీ, మీ పనిని దగ్గరగా చూసినవారు రాసే సిఫారసు లేఖల్నీ. ఆ లేఖ రాయగలిగే మనిషి మీకు దొరికేది కూడా నేను చెబుతున్న ఆ ఒక్క ఏడాదిలోనే. అన్నయ్యగారికి ఈ మాట చెప్పి, మీరు అప్లై చేయాలనుకునే విభాగాల పేజీలు ఇద్దరూ కలిసి చదవండి.

మిగిలింది నాన్నగారి ప్రశ్న, అన్నిటికన్నా న్యాయమైన ప్రశ్న. దాన్ని మాటలతో దాటవేయకండి. ఇప్పుడున్న పరిస్థితుల్లో పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆ తర్వాత పోస్ట్‌డాక్‌గా, అంటే వేరొకరి ల్యాబ్‌లో తాత్కాలిక పరిశోధకురాలిగా, మూడు నుంచి ఐదేళ్లు అనుకుంటే, సొంత ల్యాబ్ పెట్టుకునేసరికి మీకు 33, 35 ఏళ్లు రావచ్చు. అప్పుడు కూడా ఉద్యోగం ఖాయం కాదు. నా తోటివారిలో ఈరోజు సొంత ల్యాబ్ నడుపుతున్నవారు సగం కన్నా తక్కువే. మిగిలినవారు కంపెనీల పరిశోధన విభాగాల్లోనో, పేటెంట్ల వ్యవహారాల్లోనో, కాలేజీ బోధనలోనో స్థిరపడ్డారు. వాళ్లెవరూ వీధిన పడలేదు, కానీ అందరూ అనుకున్న చోటికీ చేరలేదు. సుబ్బారావుగారి విషయమే చూడండి. పైన చెప్పిన పని చేశాక కూడా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి రాలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు, బోదకాలుకు ఈనాటికీ మన ఊళ్లలో పంచే డీఈసీ మాత్ర అక్కడి ఆయన బృందం పనే. దారి మధ్యలో మారడం కూడా ఈ రంగంలో కొత్త కాదు. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణానికి 2009లో నోబెల్ పంచుకున్న వెంకీ రామకృష్ణన్ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తయ్యాక మళ్లీ విద్యార్థిగా కూర్చుని జీవశాస్త్రం చదువుకున్నారు.

పోస్ట్‌డాక్ నుంచి స్వతంత్ర పరిశోధనకు రావాలనుకునేవారికి మన దేశంలో కొన్ని ఫెలోషిప్‌లు ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్ ఇచ్చేవి కొన్ని, విదేశాల నుంచి తిరిగి వచ్చేవారికి బయోటెక్నాలజీ విభాగం ఇచ్చే రామలింగస్వామి ఫెలోషిప్ ఒకటి. వీటి గురించి ఇప్పుడు పేర్లు తెలిస్తే చాలు, వివరాలు ఐదేళ్ల తర్వాత చూసుకోవచ్చు.

నాన్నగారితో మాట్లాడటం కష్టంగా ఉందంటే ఒక పని చేయండి. సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినమైన సెప్టెంబర్ 26 ప్రాంతంలో ఆ సంస్థ ల్యాబ్‌లు చాలావరకు ఒకరోజు ప్రజల కోసం తలుపులు తెరుస్తాయి. తేదీ ముందుగా చూసుకుని ఆయన్ని హైదరాబాద్ తీసుకెళ్లండి. ఏదో ఒక ల్యాబ్‌లో ఒక రీసెర్చ్ స్కాలర్ బల్ల దగ్గర నిలబడి వచ్చినవారికి తన పని వివరిస్తూ ఉంటుంది. ఎరువుల దుకాణం నడిపే మనిషికి ఫాస్ఫేట్ గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ అమ్మాయిని ఏం అడగాలో ఆయనే అడుగుతారు, మీరు పక్కన నిలబడి వినండి.